చేతుల్లో నిద్ర, పక్క మీద మెలకువ: ఆరు వారాల పాపకు పగటి నిద్ర కుదిరేదెలా?

ప్రశ్న (ఆరువారాల అమ్మ)

నమస్కారం. మా పాపకు నిన్నటితో ఆరు వారాలు నిండాయి. నెలలు నిండాకే పుట్టింది, బరువు చక్కగా పెరుగుతోంది, తల్లిపాలు తప్ప మరేమీ ఇవ్వడం లేదు, గత వారం చూసిన పిల్లల వైద్యురాలు కూడా అంతా బాగుందనే చెప్పారు. రాత్రిపూట రెండున్నర, మూడు గంటలకోసారి పాలకు లేచి, తాగి, మళ్లీ తొట్టిలోనే నిద్రపోతుంది కాబట్టి రాత్రుల గురించి నాకు పెద్ద ఫిర్యాదేమీ లేదు. చిక్కంతా పగటిపూటే. నా భుజం మీదో వాళ్ల నాన్న ఛాతీ మీదో అయితే గంటన్నర కదలకుండా నిద్రపోయే పిల్ల, తొట్టిలో పడుకోబెట్టిన రెండు నిమిషాలకే కళ్లు తెరిచి, మోసం చేశావన్నట్టు నా వంక చూసి ఏడుపు అందుకుంటుంది.

నాలుగు రోజులుగా ఒక నోటు పుస్తకంలో సమయాలు రాసుకుంటున్నాను. నిన్నటి పేజీ ఇలా ఉంది: ఉదయం 7:20కి మేలుకుంది, 8:15కి పాలు తాగడం ముగించింది, 9:10కి నా భుజం మీద నిద్రపోయింది, 9:14కి పడుకోబెట్టాను, 9:16కి లేచింది. మళ్లీ ఎత్తుకుని జోకొడితే 9:40కి నిద్రపోయింది. 9:43కి పడుకోబెట్టబోతే వీపు పరుపుకు తగలకముందే రెండు చేతులూ బారజాపి ఉలిక్కిపడి ఏడ్చింది. మూడోసారి మాత్రం పక్క మీద 38 నిమిషాలు పడుకుంది, ఆ రోజుకు అదే గొప్ప. మధ్యాహ్నమంతా ఇలాంటి కోడికునుకులతోనే గడిచిపోయింది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా గుక్కపట్టి ఏడ్చింది.

ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. ఎత్తుకోవడం మరిగింది, ఇక దిగదని కొందరు. పగలు నిద్రపోనివ్వకుండా ఆడిస్తే రాత్రి ఒళ్లు మరిచి నిద్రపోతుందని కొందరు. గడియారం పెట్టి రోజూ ఒకే వేళకు పడుకోబెడితే అదే అలవాటవుతుందని ఇంకొందరు. గదిని చీకటి చేయాలా, వెలుతురులోనే పడుకోబెట్టాలా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి: ఈ వయసులో పగటి నిద్రకు ఒక పద్ధతి అంటూ నేర్పడం సాధ్యమేనా, లేక నేను లేనిపోని తొందర పడుతున్నానా?

సమాధానం (ఇద్దరు పిల్లల అమ్మ)

మీ నోటు పుస్తకంలోని మొదటి వరుసలోనే సగం జవాబు ఉందనిపిస్తోందండీ. 7:20కి మేలుకున్న పాప 9:10కి గాని నిద్రపోలేదంటే, ఆరు వారాల పిల్ల గంటా యాభై నిమిషాలు ఏకబిగిన మేలుకుని ఉందన్న మాట. ఈ వయసులో చాలామంది పిల్లలు పాలు తాగే సమయాన్ని కూడా కలుపుకుని ముప్పావు గంట నుంచి గంట, మహా అయితే గంటా పావు మాత్రమే హాయిగా మేలుకుని ఉండగలుగుతారు. మా పెద్దవాడి విషయంలో నేనూ ఇదే పొరపాటు చేశాను. పాలు తాగడం ముగిసిన క్షణం నుంచి లెక్కపెట్టేదాన్ని, కళ్లు తెరిచిన క్షణం నుంచి లెక్కపెట్టాలని నాకు తట్టనే లేదు. పాలు తాగడానికే ముప్పావు గంట తీసుకునే పసిబిడ్డకు ఆ తరువాత ఆటకు మిగిలే సమయం చాలా తక్కువ; గుడ్డ మార్చి, నాలుగు మాటలు చెప్పి, త్రేన్పు తీసేసరికే మళ్లీ నిద్ర వేళ అయిపోతుంది.

అలసట హద్దు దాటితే పెద్దవాళ్లం కూలబడిపోతాం గానీ చంటిపిల్లలు అలా కాదు, రెచ్చిపోతారు. అప్పుడు నిద్రపుచ్చడం కష్టం, ఒకవేళ పుచ్చినా ఆ నిద్ర నిలవదు. కాబట్టి పగలు నిద్ర ఆపితే రాత్రి బాగా పడుకుంటుందన్న సలహాను పక్కన పెట్టండి. ఈ వయసు పిల్లలకు రోజు మొత్తం మీద 14 నుంచి 17 గంటల నిద్ర సహజమని అమెరికాలోని నేషనల్ స్లీప్ ఫౌండేషన్ 2015లో చెప్పింది. అంత నిద్ర రాత్రి ఒక్కదానిలోనే ఇమడదు.

అయితే గడియారం కన్నా బిడ్డ ముఖం నమ్మదగినది. ఆవలింత కోసం ఎదురుచూడకండి, అది వచ్చేసరికి చాలామంది పిల్లల్లో కాస్త ఆలస్యమై ఉంటుంది, ఇక ఏడుపు వచ్చిందంటే మరీ ఆలస్యం. అంతకుముందే కొన్ని జరుగుతాయి: అప్పటిదాకా మన ముఖాన్ని వెతికిన చూపు జారిపోయి గోడ మీదో కిటికీ మీదో నిలిచిపోతుంది, కాళ్లూ చేతులూ ఆడించే తీరు కుదుపులుగా మారుతుంది, కనుబొమల చోట లేత ఎరుపు కనబడుతుంది. మా చిన్నదానికైతే ఎడమ చెవి పైఅంచు ఎర్రబడేది. ఇంట్లో ఎవ్వరూ నమ్మేవారు కాదు, కానీ ఆ చెవి చూసి నేను గది తలుపు వేసిన రోజుల్లో అది పది నిమిషాల్లో నిద్రపోయేది. మీ పాపకు అలాంటి గుర్తు ఏదో ఒకటి తప్పక ఉంటుంది, రెండు మూడు రోజులు గమనిస్తే దొరుకుతుంది.

ఎత్తుకోవడం మరుగుతుందన్న మాటకు మాత్రం మీరు బాధపడనవసరం లేదు. తొమ్మిది నెలలు నిరంతరం ఒక ఒంటి వెచ్చదనంలో, ఊగిసలాటలో, గుండె చప్పుడులో ఉన్న బిడ్డకు, కదలని చల్లని పరుపు వింతగా తోచడం అలవాటు చెడిపోవడం కాదు.

సమాధానం (శిశు వార్డు నర్సు)

పై సలహాతో ఏకీభవిస్తూనే, పడుకోబెట్టిన రెండు నిమిషాలకే లేవడానికి మరో కారణం ఉందని చెప్పదలచుకున్నాను. మీ పుస్తకంలో 9:10కి నిద్రపోతే 9:14కి పడుకోబెట్టారు, 9:40కి నిద్రపోతే 9:43కి పడుకోబెట్టారు. అంటే నాలుగు నిమిషాలు, మూడు నిమిషాలు. పెద్దవాళ్ల నిద్ర తేలికగా మొదలై త్వరగానే గాఢమవుతుంది గానీ, నవజాత శిశువులు మొదట ప్రవేశించేది కలత నిద్రలోకి. ఆ దశలో మూసిన రెప్పల కింద కనుగుడ్లు కదులుతుంటాయి, పెదవులు చప్పరిస్తాయి, నవ్వు వచ్చి పోతుంది, ఊపిరి ఒకసారి వేగంగా ఒకసారి నెమ్మదిగా సాగుతుంది. ఈ దశ సాధారణంగా పావుగంట, ఇరవై నిమిషాలు ఉంటుంది. ఆ తరువాతే ప్రశాంత నిద్ర వస్తుంది, అప్పుడు ఊపిరి ఒకే లయలో పడి, ఒళ్లు బరువెక్కుతుంది. మీరు పడుకోబెడుతున్నది సరిగ్గా కలత నిద్ర నడిమధ్యలో.

ఈ విషయానికి ఒక చిన్న చరిత్ర కూడా ఉంది. నిద్రలో కనుగుడ్ల వేగమైన కదలికల గురించి 1953లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ ప్రకటించిన పరిశోధనకు తొలి బీజం పడింది నిద్రపోతున్న పసిపిల్లల కనురెప్పలను గంటల తరబడి గమనించడంలోనే. పెద్దవాళ్ల నిద్రలో ఈ దశ సుమారు నాలుగో వంతు ఉంటే, నవజాత శిశువు నిద్రలో దాదాపు సగం ఇదే. పైగా పెద్దల నిద్ర చక్రం దాదాపు 90 నిమిషాలది, పసిబిడ్డది 50 నుంచి 60 నిమిషాలది. అందువల్ల మీ పాప 38 నిమిషాలు పడుకుని లేవడం వైఫల్యం కాదు. నాలుగైదు నెలల దాకా ఎందరో పిల్లల పగటి నిద్ర 20 నుంచి 45 నిమిషాల మధ్యనే ముగుస్తుంది.

జపాన్‌లోని రికెన్ సంస్థలో కుమీ కురోదా బృందం 2022లో ప్రచురించిన అధ్యయనం ఒకటి మీ సమస్యకు అచ్చంగా సరిపోతుంది. 21 మంది శిశువుల గుండె లయను కొలుస్తూ, ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని నడవడం, ఎత్తుకుని కూర్చోవడం, తొట్టిలో పడుకోబెట్టడం వంటివి పోల్చి చూశారు. ఐదు నిమిషాలు ఆగకుండా నడిస్తే ఏడుపు ఆగడమే కాక, పిల్లల్లో దాదాపు సగం మంది నిద్రపోయారు. ఆసక్తికరమైన సంగతేమంటే, బిడ్డ గుండె వేగం మారేది వీపు పరుపుకు తగిలినప్పుడు కాదు, తల్లి ఒంటి నుంచి విడివడడం మొదలైనప్పుడే. వీపు తగలకముందే మీ పాప ఉలిక్కిపడిందని మీరు రాసినది చదవగానే నాకు ఇదే గుర్తుకొచ్చింది. నిద్రపోయాక మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఎత్తుకునే కూర్చుని, ఆ తరువాత పడుకోబెట్టమని వాళ్ల సూచన. చిన్న అధ్యయనమే, అందరు పిల్లలకూ ఒకేలా పనిచేస్తుందని అనలేం, కానీ ఖర్చు లేనిది, ప్రయత్నించి చూడవచ్చు.

నేను మా వార్డులో కొత్త తల్లులకు చూపించేది ఇంతకన్నా నాటుపద్ధతి. నిద్రపోయిన బిడ్డ చేతిని మీ రెండు వేళ్లతో మణికట్టు దగ్గర పట్టుకుని అంగుళం ఎత్తి వదలండి. చెయ్యి మధ్యలో ఆగినా, వేళ్లు ముడుచుకున్నా ఇంకా కలత నిద్రలోనే ఉంది. తడిగుడ్డలా పడిపోతే ఇక దించవచ్చు. దించేటప్పుడు కూడా ఒక్కసారిగా వెనక్కి వాల్చకండి. బిడ్డను మీ ఛాతీకి ఆనించుకునే నడుము వంచి, ముందు పాదాలు, తరువాత పిర్రలు, ఆ తరువాత వీపు, చివరగా తల పరుపుకు తగిలేలా దించండి. తల ముందుగా వెనక్కి వాలితే కిందపడుతున్నానన్న భావన కలిగి చేతులు బారజాపుతుంది. దీన్ని మోరో ప్రతిచర్య అంటారు, నాలుగైదు నెలల లోపు దానంతటదే తగ్గిపోతుంది. తల కింద నుంచి చెయ్యి తీశాక, అరచేతిని పాప ఛాతీ మీద ఒక నిమిషం ఒత్తకుండా ఉంచి, మెల్లగా లేవండి.

చేతులు ఉలిక్కిపడకుండా పలుచని పొత్తిగుడ్డలో చుట్టవచ్చు, కానీ కొన్ని షరతులు ఉన్నాయి. చుట్టిన బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలి. ఛాతీ దగ్గర బిగుతుగా ఉండకూడదు. తుంటి, మోకాళ్లు కప్ప కాళ్లలా మడుచుకోవడానికి కింద గుడ్డ వదులుగా ఉండాలి. ఒత్తిగిలడానికి ప్రయత్నం మొదలుపెట్టిన రోజునే చుట్టడం పూర్తిగా మానేయాలి. కొందరు పిల్లల్లో అది మూడో నెల చుట్టుపక్కలే వస్తుంది. మెడ వెనక తాకి చూస్తే చెమట తగిలిందంటే గుడ్డలు ఎక్కువయ్యాయని అర్థం.

మళ్లీ నేనే (ఆరువారాల అమ్మ)

ఇద్దరికీ కృతజ్ఞతలు. కళ్లు తెరిచిన క్షణం నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాక, గంట దాటకముందే గదిలోకి తీసుకెళ్తే ఏడవకుండానే నిద్రపోతోంది. చెయ్యి ఎత్తి వదిలే పరీక్ష నిన్న మూడుసార్లు చేశాను. రెండుసార్లు చెయ్యి గాలిలో ఆగిపోయింది, నాకు నవ్వు ఆగలేదు. మూడోసారి పడిపోయింది, పక్క మీద 34 నిమిషాలు పడుకుంది. కానీ ఆ 34వ నిమిషంలో మూలిగి, ముఖమంతా ముడిచి, కాళ్లు తన్నుకుంటే లేచిందనుకుని ఎత్తుకున్నాను. ఎత్తుకోగానే నిజంగానే కళ్లు తెరిచి, ఇంకా నిద్ర తీరనట్టు ఏడ్చింది. అక్కడ నేనేం చేసి ఉండాల్సింది?

ఇంకొక మాట. మా ఇంట్లో పెద్దవారు, బోర్లా పడుకోబెడితే ఎంత సేపైనా నిద్రపోతుంది, మిమ్మల్నందరినీ అలాగే పెంచాను అంటున్నారు. పగలు మనం ఎదురుగా ఉంటాం కదా, పగటి నిద్రకు మాత్రం బోర్లా వేస్తే తప్పేమిటని అడుగుతున్నారు. ఆవిడ మనసు నొప్పించకుండా ఏమని చెప్పాలి?

సమాధానం (కవలల నాన్న)

మూలుగు గురించి నేను చెప్పగలను, ఎందుకంటే ఆ తప్పును నెల రోజులు ఇద్దరు పిల్లల మీద చేశాను. కలత నిద్రలో ఉన్న బిడ్డ చేసే శబ్దాలు మెలకువ వచ్చిన బిడ్డ శబ్దాల్లాగే ఉంటాయి: మూలుగు, కిచకిచ, ఒక్కోసారి రెండు క్షణాల ఏడుపు కూడా. ఒక్కోసారి కళ్లు సగం తెరుచుకుంటాయి. నిజానికి అది ఒక నిద్ర చక్రం ముగిసి మరొకటి మొదలయ్యే సంధి. ఆ సమయంలో మనం ఎత్తుకుంటే మనమే లేపినట్టు. నేను తొట్టి పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, మనసులో అరవై దాకా లెక్కపెట్టేవాణ్ని. ముప్పై దాటేసరికి మా చిన్నవాడు సగం సార్లు మళ్లీ సర్దుకునేవాడు. ఏడుపు పెరుగుతూ పోతే మాత్రం ఆగలేదు, ఎత్తుకున్నాను. ఏడవనిచ్చి అలవాటు చేసే వయసు కాదు ఇది.

మా పిల్లలు ఐదు వారాలు ముందుగా పుట్టారు, కాబట్టి వయసు లెక్కలన్నీ పుట్టిన రోజు నుంచి కాక, పుట్టవలసిన తేదీ నుంచి చూసుకోమని డాక్టరు చెప్పారు. ఇది మీకు వర్తించదు గానీ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల తల్లిదండ్రులు ఎవరైనా చదువుతుంటే గుర్తుంచుకోండి. మిగిలిన పిల్లలతో పోల్చుకుని మేము అనవసరంగా కుమిలిపోయాం.

శబ్దం విషయం ఎవరూ ఎత్తలేదు. వైట్ నాయిస్ అని పిలిచే ఎడతెగని హోరు మా ఇంట్లో బాగా పనిచేసింది. పుట్టి వారమైనా కాని శిశువుల మీద 1990లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ అధ్యయనంలో, ఆ హోరు వినిపించిన 20 మందిలో 16 మంది ఐదు నిమిషాల్లో నిద్రపోయారు, వినిపించని 20 మందిలో ఐదుగురే నిద్రపోయారు. అయితే దాన్ని తల పక్కన పెట్టి గట్టిగా మోగించకూడదు. ఇందుకోసం అమ్మే 14 యంత్రాలను పరీక్షించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, పూర్తి స్థాయిలో పెడితే అన్నీ ఆసుపత్రి శిశు వార్డులకు సూచించిన 50 డెసిబెళ్ల హద్దును దాటాయి. తొట్టికి రెండు మీటర్ల దూరంలో, మన మామూలు మాట దాని మీద నుంచి వినిపించేంత తక్కువలో పెట్టి, నిద్ర కుదిరాక ఆపేయడం మేలు.

మరొకటి చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఒక మధ్యాహ్నం పెద్దవాణ్ని ఛాతీ మీద వేసుకుని సోఫాలో కూర్చుని నేనే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి వాడు జారి, ముఖం సోఫా చేతికీ నా మోచేతికీ మధ్య ఇరుక్కుని ఉంది. వాడికి ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం: బిడ్డను ఎత్తుకుని కూర్చున్నవారికి కునుకు వస్తున్నట్టు అనిపిస్తే, బిడ్డ లేచి ఏడ్చినా సరే, వెంటనే తొట్టిలో వేసేయాలి. చేతుల్లో నిద్రపుచ్చడంలో తప్పు లేదు, రోజుకు ఒక కునుకు అలా గడిచినా నష్టం లేదు, కానీ ఎత్తుకున్నవారు మేలుకుని ఉండాలి.

సమాధానం (మూడోసారి అమ్మ)

పైన అందరూ మంచి మాటలే చెప్పారు గానీ, నాకు ఒక విషయంలో అభ్యంతరం ఉంది. గంట దాటకూడదన్న లెక్కను శాసనంలా తీసుకోకండి. ఆ అంకెలు తల్లుల అనుభవంలోంచి వచ్చిన అంచనాలు, ప్రయోగశాలలో తేల్చినవి కావు. నా ముగ్గురు పిల్లల్లో రెండోవాడు ఆరు వారాలప్పుడే గంటన్నర కులాసాగా మేలుకుని ఉండేవాడు, వాణ్ని గంటకే పడుకోబెట్టాలని పోరాడి అరగంట ఇద్దరం ఏడ్చేవాళ్లం. నోటు పుస్తకం వారం రోజులు రాయడం మంచిదే. ఒక తీరు కనబడ్డాక మూసి పెట్టేయండి. నిమిషాలు రాస్తూ కూర్చుంటే బిడ్డ ముఖం చూడడం తగ్గిపోతుంది.

మీరు అడిగిన చీకటి, వెలుతురు ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి చెబుతాను. కడుపులో ఉన్నప్పుడు తల్లి ఒంట్లోని మెలటోనిన్ అనే హార్మోను మాయ ద్వారా బిడ్డకు అంది, రాత్రీ పగలూ తేడాను తెలిపేది. పుట్టాక ఆ సరఫరా ఆగిపోతుంది. బిడ్డ ఒంట్లో సొంత లయ దాదాపు 9 నుంచి 12 వారాల మధ్య ఏర్పడుతుంది. అంతవరకూ పగలు ఒకే వేళకు పడుకోబెట్టాలని ఎంత ప్రయత్నించినా, ఆ వేళను గుర్తుపట్టే గడియారం బిడ్డలో ఇంకా తయారు కాలేదు. రాత్రిపూట తల్లిపాలలో మెలటోనిన్ ఉండి, పగటి పాలలో దాదాపు లేకపోవడం ప్రకృతి చేసిన చిన్న ఏర్పాటు. అందుకే పితికి నిల్వ చేసేవారు ఏ పూట పాలు ఆ పూటే ఇస్తే మంచిదనుకుంటాను, మరీ పట్టుదల అక్కరలేదు.

ఆ గడియారం త్వరగా కుదరాలంటే మనం చేయగలిగినది పగటిని పగలులా, రాత్రిని రాత్రిలా ఉంచడం. 6 నుంచి 12 వారాల శిశువుల మీద 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, రాత్రి బాగా నిద్రపోయిన పిల్లలు మధ్యాహ్నం తొలి గంటల్లో ఎక్కువ వెలుతురులో గడిపినవారని తేలింది. కాబట్టి మేలుకుని ఉన్నప్పుడు పాపను కిటికీ దగ్గర, నేరుగా ఎండ తగలకుండా, వెలుతురులో ఉంచండి. మొదటి రెండు నెలలూ పగటి నిద్ర మామూలు వెలుతురులో, ఇంటి చప్పుళ్ల మధ్యనే సాగనివ్వవచ్చు. రెండో నెల దాటాక చుట్టూ ఉన్నవన్నీ కళ్లప్పగించి చూడడం మొదలవుతుంది, అప్పుడు తెర వేసి గదిని మసక చేస్తే ఉపయోగం. రాత్రి పాలు ఇచ్చేటప్పుడు మాత్రం దీపం చిన్నది, మాటలు తక్కువ.

సాయంత్రం ఏడుపు గురించి కూడా ఒక మాట. అది మీ పగటి నిద్ర లోపం వల్లనే అనుకోకండి. బెర్రీ బ్రేజెల్టన్ అనే అమెరికన్ పిల్లల వైద్యుడు 1962లోనే, ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా ఏడుపు ఆరో వారం దగ్గర శిఖరానికి చేరి, ఆ తరువాత తగ్గుతూ వస్తుందని లెక్కలతో చూపాడు. మీ పాప ఇప్పుడు సరిగ్గా ఆ శిఖరం మీద ఉంది. ఆ పూట తొట్టి గొడవ పెట్టుకోకుండా, ఎత్తుకుని తిరుగుతూ ఒక చిన్న కునుకు తీయిస్తే రాత్రి దాకా లాక్కురావచ్చు.

సమాధానం (శిశు వార్డు నర్సు)

బోర్లా పడుకోబెట్టే ప్రశ్నకు జవాబు ఆలస్యం చేయకూడదని మళ్లీ రాస్తున్నాను. మీ ఇంటి పెద్దావిడ చెప్పిన దానిలో ఒక నిజం ఉంది: బోర్లా పడుకున్న బిడ్డ ఎక్కువ సేపు, ఎక్కువ గాఢంగా నిద్రపోతుంది. ప్రమాదం ఉన్నదీ అందులోనే. ఊపిరికి అడ్డంకి వచ్చినప్పుడు ఉలిక్కిపడి మేలుకోగలగడం పసిబిడ్డకు రక్ష, బోర్లా పడుకున్నప్పుడు ఆ మేలుకునే శక్తి తగ్గుతుంది. ఆవిడ పిల్లలను పెంచిన రోజుల్లో ఇది ఎవరికీ తెలియదు, చాలాచోట్ల డాక్టర్లే బోర్లా పడుకోబెట్టమనేవారు; ఈ మాటే ఆవిడతో చెప్పండి, తప్పు ఆవిడది కాదని అర్థమవుతుంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 1992లో సలహా మార్చింది, 1994లో వెల్లకిలా పడుకోబెట్టమనే ప్రచారం దేశమంతటా మొదలైంది, ఆ తరువాతి దశాబ్దంలో అక్కడ ఆకస్మిక శిశు మరణాల రేటు సుమారు సగానికి తగ్గింది.

వెల్లకిలా పడుకుంటే కక్కిన పాలు గొంతుకు అడ్డుపడతాయన్న భయం ఆవిడకు ఉండవచ్చు. వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, ఆహారనాళం దాని కింద ఉంటాయి. కక్కిన పాలు పైకెక్కి ఊపిరి గొట్టంలోకి పోవడం కష్టం. బోర్లా ఉంటే ఈ అమరిక తలకిందులవుతుంది. ఎదురుగానే ఉంటాం కదా అన్నది కూడా భరోసా కాదు, ఎందుకంటే ఈ ప్రమాదం చప్పుడు చేయదు. మేలుకుని ఉన్నప్పుడు, మీరు పక్కనే కూర్చుని, రోజుకు రెండు మూడుసార్లు కొద్ది నిమిషాల చొప్పున బోర్లా వేసి ఆడించమనండి. మెడ బలపడుతుంది, తల వెనుక చదును కాకుండా ఉంటుంది, ఆవిడ ముచ్చటా తీరుతుంది.

పగటి నిద్రకైనా రాత్రి నిద్రకైనా పక్క ఒక్కటే: గట్టిగా, చదునుగా ఉన్న పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన గుడ్డ, అంతే. దిండు, మెత్తని బొమ్మ, వదులు దుప్పటి, చుట్టూ మెత్తలు ఏవీ వద్దు. వాలుగా ఉండే కుర్చీల్లో, కారు సీట్లో నిద్రపోతే తల ముందుకు వాలి ఊపిరి దారి నొక్కుకుపోవచ్చు. ప్రయాణం ముగియగానే చదునైన పక్క మీదకు మార్చండి. మొదటి ఆరు నెలలు పగటి నిద్ర కూడా మీరున్న గదిలోనే సాగనివ్వండి.

ఎక్కువ నిద్ర కూడా ఒక్కోసారి హెచ్చరికే అవుతుంది, ఎవరూ దాన్ని అడగరు గనుక చెబుతున్నాను. పుట్టిన బరువును తిరిగి అందుకోని మొదటి రెండు వారాల బిడ్డ నాలుగు గంటలు లేవకుండా పడుకుంటే లేపి పాలివ్వాలి. ఏ వయసులోనైనా లేపినా లేవనంత మగతగా ఉండడం, పాలు వద్దనడం, తడిపే గుడ్డల సంఖ్య బాగా తగ్గిపోవడం, మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి ఉండడం, ఇవి నిద్ర విషయాలు కావు. వెంటనే డాక్టరుకు చూపించవలసినవి.

మళ్లీ నేనే (ఆరువారాల అమ్మ)

పదకొండు రోజుల తరువాత రాస్తున్నాను. రోజులో నాలుగైదు కునుకుల్లో రెండు తొట్టిలో కుదురుతున్నాయి, ఉదయం మొదటిది దాదాపు ఎప్పుడూ కుదురుతోంది; సాయంత్రంది మాత్రం ఇప్పటికీ భుజం మీదే. దానితో పోట్లాడడం మానేశాను. మా పాప గుర్తు కూడా దొరికింది: నిద్ర ముంచుకొస్తున్నప్పుడు కుడి పిడికిలితో తన చెంపను ఒకే చోట రుద్దుకుంటుంది. అత్తయ్యకు ఊపిరి గొట్టం సంగతి చెబితే కాసేపు ఏమీ అనలేదు, తరువాత ఆవిడే తొట్టిలోని చిన్న దిండు తీసి బీరువాలో పెట్టేశారు.

నిన్న మధ్యాహ్నం 33వ నిమిషంలో మళ్లీ అదే మూలుగు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నలభై దాకా లెక్కపెట్టేసరికి పెదవులు రెండుసార్లు చప్పరించి, ముఖం పక్కకు తిప్పుకుని, మరో 26 నిమిషాలు పడుకుంది. ఆ 26 నిమిషాల్లో నేను ఏమీ చేయలేకపోయాను, అక్కడే నిలబడి చూస్తూ ఉండిపోయాను. నోటు పుస్తకంలో ఆ వరుస రాయడం కూడా మరిచిపోయాను.